గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2: రెండు వేట సీజన్లు వాడాక ఒక మావగారి రివ్యూ

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు విజయవాడ బస్టాండులో కంట్రోలర్‌ని. ఇల్లు కృష్ణలంక. వస్తువులకు రివ్యూ రాయడం నాకిదే మొదటిసారి. ఈ ఇన్‌రీచ్ అన్నది ఫోను సిగ్నల్ లేని చోటు నుంచి ఉపగ్రహాల ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం. అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవు దొరికితే కొండలెక్కుతున్నారు, కొందరు వేటకి కూడా వెళ్తున్నారు. ఇక్కడ పెద్దవాళ్లు ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆ పెద్దవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్లు ఆరిజోనా రాష్ట్రంలో టూసాన్‌లో ఉంటారు. గ్రీన్‌కార్డు వచ్చాక మా అల్లుడుగారు ఆఫీసు స్నేహితుడి వెంట వెళ్లి జింకల వేట నేర్చుకున్నారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడకీ నాకూ మింగుడుపడలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినప్పటి నుంచి మన దగ్గర జింక జోలికి పోతే జైలే. కృష్ణజింక అయితే మన రాష్ట్ర జంతువు కూడా. అక్కడ పద్ధతి వేరు. ముందు అప్లికేషన్ పెట్టుకోవాలి, డ్రా తీస్తారు, పేరు వస్తే ట్యాగ్ ఇస్తారు. ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో అన్నది ఆ ట్యాగ్ మీదే ఉంటుంది. ఏడాదికి మనిషికి ఒక్క జింక. తెచ్చిన మాంసం ఆయన ఒక్క ముక్క పారెయ్యరు, అది నేను కళ్లారా చూశాను.

వేట సంగతి అలా ఉంచితే, నాకు నిద్ర పట్టనిది ఆ చోటు వల్ల. ఆయన వెళ్లే కొండలకి అవతల మెక్సికో.

టూసాన్ నుంచి దక్షిణంగా నూరు కిలోమీటర్లు పోతే నొగాలెస్. ఊరు సగం ఇటు, సగం అటు, మధ్యలో సరిహద్దు. అమెరికా అంతటా మైళ్ల బోర్డులుంటే ఆ ఐ-19 హైవే మీద మాత్రం దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి. బస్సుల మనిషిని కదా, నాకు అది వెంటనే కంటబడింది. నొగాలెస్‌కి కాస్త ముందే కుడివైపు తిరిగితే పెన్యా బ్లాంకా చెరువు, దాని పైన ఓక్ చెట్ల కొండలు. ఆ కొండల్లో కూస్ డీర్ అనే చిన్నజాతి తెల్లతోక జింక ఉంటుంది. బాగా ఎదిగిన మగది కూడా నలభై అయిదు కిలోలకి అటూ ఇటూ. ఒంటి రంగు అచ్చం అక్కడి రాయి రంగే. అందుకని వేటగాడు గట్టు మీద స్టాండుకి బైనాక్యులర్స్ బిగించుకుని, ఎదురు కొండని గజం గజం వెతుకుతూ గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. సరిహద్దు దాటి వచ్చేవాళ్లు, సరుకు మోసేవాళ్లు చప్పుడు కాకుండా నడిచేదీ ఆ వాగుల్లోనే. ఒకరు కనబడకుండా కూర్చుంటారు, ఇంకొకరు కనబడకుండా నడుస్తారు. ప్రమాదం అక్కడ పుడుతుంది. ఎదురుపడితే ఇద్దరూ బెదురుతారు, ఒకరి చేతిలో రైఫిల్ ఉంటుంది.

2024 అక్టోబరులో మేం అక్కడ ఉన్నప్పుడు, సీజన్‌కి ముందు చోటు చూసుకోవడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు. అడవి మొదట్లోనే ప్రభుత్వ బోర్డు ఉంది: ఈ ప్రాంతంలో స్మగ్లింగ్, అక్రమ వలసలు ఎదురుకావచ్చు, జాగ్రత్త అని. వాగులోకి దిగి ఓ అరకిలోమీటరు నడిచాం. ఒక బండరాయి నీడలో నల్ల ప్లాస్టిక్ డబ్బా పడి ఉంది. నాలుగు లీటర్ల దాకా పడుతుంది, మెడకి గుడ్డ పేలిక కట్టి ఉంది. నీళ్ల డబ్బా నల్లగా ఎందుకని అడిగాను. తెల్లదైతే ఎండకి మెరిసి దూరానికి కనిపిస్తుందన్నారు. దాని పక్కనే చెప్పులాంటిది ఒకటి. అడుగున తివాచీ ముక్క కుట్టి ఉంది, ఇసుకలో అడుగుజాడ పడకుండా. మడమ దగ్గర కుట్టు ఊడిపోయి దారాలు వేలాడుతున్నాయి. ఆ కాలు ఎవరిదో, ఎంత దూరం నడిచిందో. నేను వంగి చూస్తుంటే అల్లుడుగారు మెల్లగా నా భుజం మీద చెయ్యి వేసి, “ముట్టుకోవద్దు మావయ్యగారూ, వచ్చిన దారినే వెనక్కి పోదాం” అన్నారు. ఆ సీజన్‌కి ఆ వాగే మానేశారు.

అప్పటికి బుడమేరు వరద వచ్చి నెలన్నర కూడా కాలేదు. సెప్టెంబరు మొదటి వారంలో సింగ్‌నగర్‌లో మా తమ్ముడి కుటుంబం మేడ మీద చిక్కుకుపోయింది. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. దాదాపు రెండు రోజులు వాళ్ల నుంచి కబురు లేదు. చివరికి అందరూ క్షేమమే. కానీ ఆ రెండు రోజులు నాకు ఎలా గడిచాయో నాకు తెలుసు. అమ్మాయికి అలాంటి రాత్రి ఇంకొకటి వద్దనుకున్నాను. పెళ్లయి పదేళ్లయినా అల్లుణ్ణి మేం మీరు అనే పిలుస్తాం. వేట మానెయ్యండి అని చెప్పలేను. టూసాన్‌లో స్పోర్ట్స్ సామాన్ల షాపుకి తీసుకెళ్లమని అడిగి, నా డబ్బుతో ఈ పరికరం కొనిచ్చాను. నాలుగు వందల డాలర్లు, పన్ను అదనం.

చేతిలోకి తీసుకుంటే నూరు గ్రాములు. ఎర్రది తీసుకున్నాం, గడ్డిలో పడితే కనబడుతుందని. పక్కన చిన్న మూత ఉంది. అది తెరిచి బటన్ నొక్కి పట్టుకుంటే ఎస్‌ఓఎస్, అంటే ఆపదలో ఉన్నామన్న కబురు, వెళ్తుంది. మూత ఉండడం చాలా మంచిది, బ్యాగులో వాటంతట అవి నొక్కుకుపోయే బటన్లు నేను చాలా చూశాను. సెల్‌టవర్‌తో దీనికి పనిలేదు. ఇరీడియం అనే కంపెనీకి భూమి చుట్టూ తిరిగే 66 ఉపగ్రహాలున్నాయి, మెసేజ్ వాటి ద్వారా పోతుంది. ఎస్‌ఓఎస్ నొక్కితే టెక్సస్‌లో 24 గంటలూ మనుషులుండే కేంద్రానికి చేరుతుంది. వాళ్లు తిరిగి మెసేజ్ పెట్టి ఏం జరిగిందో అడుగుతారు, ఆ ప్రాంతంలో రక్షించేవాళ్లని కదిలిస్తారు.

నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది ఎస్‌ఓఎస్ కాదు. పది నిమిషాలకొకసారి తనంతట తనే ఉన్న చోటు పంపుతుంది. ఆ చుక్కలు ఒక వెబ్‌పేజీలో మ్యాపు మీద వరసగా పడతాయి. కృష్ణలంకలో మా వరండాలో కూర్చుని చూడొచ్చు. దానికి తప్పకుండా పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. సరిహద్దు దగ్గర ఒక మనిషి ఎక్కడ ఉన్నాడో, కారు ఎక్కడ వదిలాడో ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. ముందే రాసిపెట్టుకునే మెసేజ్‌లు మూడు ఉంటాయి, ఒక్క నొక్కుతో పోతాయి. మేం పెట్టుకున్నవి: ఒకటి “నడక మొదలుపెట్టాం”, రెండోది “అంతా క్షేమం, ఆలస్యమవుతుంది”, మూడోది “కారు దగ్గరికి వచ్చేశాం”. బస్సు వదిలింది, దారిలో ఆగింది, చేరింది అని మేం లాగ్‌షీటులో రాసుకున్నట్టే.

కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని మా పెద్ద మేనల్లుడు అడిగాడు. నిజమే, అది ఉండడం మంచిదే. కానీ ఫోను చేత్తో పట్టుకుని ఆకాశంలో ఉపగ్రహం వైపు తిప్పుతూ నిలబడాలి. బండ మీద నుంచి జారి పడ్డవాడు అది చెయ్యగలడా? ఈ పరికరం మనం ఏమీ చెయ్యకపోయినా చుక్కలు పంపుతూనే ఉంటుంది. పైగా ఆ కొండల మీద ఫోనుకి సిగ్నల్ వస్తే ఒక్కోసారి మెక్సికో టవరుదే వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ పరికరం కొన్నంత మాత్రాన మనిషి భద్రంగా ఉన్నట్టు కాదు. మా కాలంలో పల్లెలకి నైట్‌హాల్ట్ బస్సులు వెళ్లేవి. సాయంత్రం వదిలితే మళ్లీ పొద్దున్న దాకా దాని కబురు తెలిసే దారి లేదు. అయినా కంట్రోలర్ కంగారుపడడు. ఎన్నింటికి రావాలి, ఎంతసేపు చూడాలి, దాటితే ఎవరికి చెప్పాలి అన్నది ముందే అనుకుని ఉంటుంది. ఈ ఎర్ర పరికరానికీ అలాంటి కాగితం ఒకటి కావాలి. నేను కూర్చుని అల్లుడుగారితో రాయించాను, అమ్మాయి దాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. కారు నంబరు, రంగు, ఎక్కడ ఆపుతారో అక్షాంశ రేఖాంశాలతో సహా. తోడు ఎవరు, వాళ్లావిడ ఫోన్ నంబరు. కారు దగ్గరికి రావాల్సిన టైము. రాత్రి 9.30 దాటినా కబురు లేకపోతే మొదటి ఫోను ఎవరికి. అక్కడ కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికే బాధ్యత ఆ కౌంటీ షెరీఫ్‌ది, అంటే మన జిల్లా లాంటి ప్రాంతానికి పోలీసు పెద్దది. ఇండియా నుంచి 911 కొడితే అమెరికా పోలీసులకి పోదు. అందుకని షెరీఫ్ ఆఫీసు మామూలు పది అంకెల నంబరు ఆ కాగితం మీద ఉండాలి, మన దగ్గరా ఉండాలి. ఇది మీలో ఎంతమంది రాసుకున్నారో ఒక్కసారి చూసుకోండి. పరికరంలో ఎమర్జెన్సీ కాంటాక్టుగా మాత్రం అక్కడి వాళ్ల పేరే ఇవ్వాలి. అర్ధరాత్రి విజయవాడకి ఫోను చేస్తే మనం చెయ్యగలిగేది చాలా తక్కువ.

కాగితం వెనక వైపు అల్లుడుగారు తన నియమాలు రాశారు, నా బలవంతం లేకుండానే. ఒంటరిగా వెళ్లకూడదు. మనుషులు కనబడితే పలకరించకూడదు, వెంట పోకూడదు, మెల్లగా వెనక్కి తగ్గి పక్క గట్టుకి పోవాలి. ఎవరన్నది తెలుసుకోవాలంటే బైనాక్యులర్స్‌తోనే చూడాలి. రైఫిల్ మీది స్కోపుతో మనిషిని చూస్తే తుపాకి గురిపెట్టినట్టే. నలిగిన కాలిబాట దగ్గర గుడారం వెయ్యకూడదు. కారు అద్దాల్లోంచి కనబడేలా ఏ వస్తువూ వదలకూడదు. దెబ్బతిన్న జింక కంచె దాటితే వదిలెయ్యాలి. కొన్నిచోట్ల ఎత్తయిన ఇనప గోడ ఉంది, కొన్ని కొండల మీద మేం చూసినప్పుడు పాత ముళ్లతీగే ఉంది. దాటడం తేలిక. కానీ మెక్సికోలోకి తుపాకి, చివరికి ఒక్క తూటా తీసుకెళ్లినా చాలా పెద్ద నేరం.

ఇంకొకటి, అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఒరిజినల్ కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని అక్కడ చట్టం. ఆ కొండల్లో బోర్డర్ పెట్రోల్ వాళ్లు తిరుగుతూనే ఉంటారు. మన రంగు మనిషి వేట దుస్తుల్లో వాగులోంచి పైకొస్తే అడగకుండా ఉండరు. తిరుగు ప్రయాణంలో ఐ-19 మీద చెక్‌పోస్ట్ ఉంటుంది, అక్కడ నన్నూ అడిగారు. పాస్‌పోర్టు జేబులోనే ఉంది కాబట్టి నిమిషంలో అయిపోయింది. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. స్నేహితుడి తుపాకి కదా, ఒకసారి పేల్చి చూద్దాం అనుకోవద్దు.

మొదటి సీజన్‌కి మేం అక్కడే ఉన్నాం, ఏ చిక్కూ లేకుండా గడిచింది. రెండోది 2025 నవంబరు. అప్పటికి మేం ఇక్కడికి వచ్చేశాం. టూసాన్‌కీ మనకీ పన్నెండున్నర గంటల తేడా. వాళ్లు గడియారం ముందుకీ వెనక్కీ తిప్పరు కాబట్టి ఏడాదంతా అదే లెక్క. అక్కడ సాయంత్రం అయిదున్నరకి పొద్దుగూకితే మనకి తెల్లవారుజామున ఆరు. అక్కడ ఆదివారం, ఇక్కడ కార్తీక సోమవారం. ఈ నెలలో జీవహింస ఏమిటని మా ఆవిడ ముందునుంచీ బాధపడుతూనే ఉంది. నాలుగింటికే లేచి, పక్కింటివాళ్లతో పద్మావతి ఘాట్‌కి స్నానానికి వెళ్లింది. నేను వరండాలో ట్యాబ్ తెరిచాను. చివరి చుక్క మన టైము 4.10కి పడింది. ఆ తర్వాత లేదు.

అయిదయింది. లేదు. ఆరయింది, అక్కడ చీకటి పడుతోంది. ఆ చివరి చుక్కకీ సరిహద్దు గీతకీ మధ్య దూరం వేలితో కొలిచాను, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆవిడ తడి జుట్టుతో వచ్చి, తులసికోట దగ్గర దీపం పెట్టి, “కబురొచ్చిందా?” అంది. “ఇంకా టైముంది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కారు దగ్గరికి రావాల్సింది మన ఎనిమిదింటికి. ఎనిమిదీ ఇరవైకి అమ్మాయికి ఫోను చేశాను. మనవరాలికి అన్నం పెడుతోంది. కాగితం చదవమన్నాను. ఫ్రిజ్ ముందు నిలబడి కారు నంబరు దగ్గర్నుంచి చదివింది. “నాన్నా, ఇక్కడి టైము తొమ్మిదిన్నర దాకా చూద్దామని రాసుకున్నాం కదా” అంది. ఆ వాక్యం వల్లే నేను కుర్చీలో కూర్చోగలిగాను. అది రాసి లేకపోతే ఇద్దరం కలిసి ఎవరెవరికి ఫోన్లు చేసేవాళ్లమో తెలియదు.

9.05కి ట్యాబ్ మోగింది. ఒకటి కాదు, రెండు మెసేజ్‌లు ఒకదాని వెంట ఒకటి. అంతా క్షేమం, ఆలస్యమవుతుంది. కారు దగ్గరికి వచ్చేశాం. వాటి వెనకే మధ్యలో ఆగిపోయిన చుక్కలన్నీ మ్యాపు మీద పడ్డాయి. మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లిపోయింది.

జరిగింది ఇది. అక్కడి టైము మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో జింక దొరికింది. ఇద్దరూ కలిసి మాంసం సంచుల్లో కట్టుకుని మోసుకొచ్చారు. ఆలస్యమవుతుందన్న మెసేజ్ అల్లుడుగారు నాలుగింటికే నొక్కారు. నొక్కి, పరికరాన్ని వెంటనే బ్యాగు అడుగున పడేశారు. దాని మీద పదిహేను కిలోల మాంసం, నీళ్ల సంచి. దీనికి ఆకాశం కనబడాలి, పైన తడి బరువు పెడితే సిగ్నల్ పైకి పోదు. నాలుగున్నర గంటలు అది లోపల ప్రయత్నిస్తూనే ఉంది. తప్పు పరికరానిది కాదు, పెట్టిన చోటిది. బ్యాగు భుజం పట్టీకి, యాంటెన్నా పైకి ఉండేలా తగిలించుకోవాలి. మెసేజ్ నొక్కాక, పోయినట్టు తెర మీద చూసుకున్నాకే అడుగు కదపాలి. ఇరుకు లోయల్లో అలా నిలబడి కొన్ని నిమిషాలు ఆగాల్సి కూడా వస్తుంది. కొన్నవాళ్లందరూ వెళ్లేముందు ఇంటి ఆవరణలో ఒకసారి, మేడ కింద ఒకసారి పంపి తేడా చూసుకుంటే మంచిది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పరికరం కొన్నాక నెలనెలా ప్లాన్‌కి విడిగా కట్టాలి, అది లేకపోతే మెసేజ్ పోదు, ఎస్‌ఓఎస్ కూడా పోదు. పరికరం మీదే అక్షరాలు ఎంచుకుంటూ రాయాలంటే చాలా ఓపిక కావాలి, ఫోనుకి కలుపుకుని రాయడమే నయం. తెర మీద మ్యాపు ఉండదు, దానికీ ఫోను యాప్ కావాలి. అయిదుకి నాలుగున్నర ఇస్తాను.

దీన్ని ఇండియాకి తీసుకురావద్దు. లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోను గానీ ఇలాంటి మెసెంజర్ గానీ మన దేశంలోకి తేవడం నేరం. గోవా, ఢిల్లీ విమానాశ్రయాల్లో విదేశీ ప్రయాణికులు ఇలాంటి పరికరాలతోనే చిక్కుల్లో పడ్డారు. సంక్రాంతికి వస్తూ బ్యాగు మూలలో మర్చిపోతారేమోనని అమ్మాయికి రెండుసార్లు ఫోను చేసి చెప్పాను. ఇక్కడ చుక్కలు చూడడానికి మామూలు ఇంటర్నెట్ చాలు, దానికి ఏ అభ్యంతరమూ లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక, పదేళ్లలో మొదటిసారి అల్లుడుగారితో కాస్త గట్టిగా మాట్లాడాను. “బాబూ, ఆ పరికరం మీ బ్యాగు అడుగుకి పోవడానికి కొనివ్వలేదు” అన్నాను. “తప్పే మావయ్యగారూ” అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోన్లో ఆ కాగితం ఫొటో తీసి చూపించారు. రెండు లైన్లు కొత్తగా చేర్చారు. మొదటిది, మెసేజ్ పోయిందని చూశాకే బ్యాగు సర్దడం. రెండోది, దారిలో ఎవరైనా దాహంతో, దెబ్బతో పడి ఉంటే దూరం నుంచే ఆ చోటు ఈ పరికరంతో పంపి సాయం పిలవడం. రెండో లైను ఎందుకు రాశారో నేను అడగలేదు. ఆ కుట్టూడిన చెప్పు ఆయనకీ గుర్తుండే ఉంటుంది.